కౌసల్య చదవని అంకం

నాచారం పారిశ్రామికవాడ ప్రహరీ పక్కన సందులో రెండంతస్తుల ప్రైవేటు స్కూలు ఒకటి ఉండేది. కౌసల్య అందులో ఆయాగా చేరేనాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. సొంతూరు జనగామ పక్కన. ఇంటర్ పాసయింది. ఆ సంగతి తనంతట తాను ఎవరికీ చెప్పుకునేది కాదు గానీ, ఎవరైనా ఎంతవరకు చదివావని అడిగితే మాత్రం జవాబు కోసం తడుముకునేది కాదు. భర్త బుచ్చిరాములుది రంగుల ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర పని. ఇద్దరూ ఉప్పల్ చిలకానగర్‌లో ఒక చిన్న పోర్షన్లో అద్దెకుండేవారు. పిల్లలు కలగలేదు.

స్కూల్లో ఆయాలందరికీ ఒకే రంగు చీర, నీలం రంగుది. నర్సరీ పిల్లలకు మూతులు తుడవడం, బెల్లు కొట్టడం, టీచర్లకు చాయ్ అందించడం, సాయంత్రం గదులు ఊడ్చడం. కౌసల్య ఏ పనికీ వంక పెట్టేది కాదు. కానీ ఎనిమిదో తరగతి పిల్ల ఎవరైనా తనకంటే నాలుగాకులు ఎక్కువ చదివినట్టు "ఆయమ్మా, ఇటు రా" అని పిలిస్తే ఆమెకు లోపల చురుక్కుమనేది.

మేడ మీద చివరి గదిలో లైబ్రరీ ఉండేది. అద్దాల బీరువాల నిండా పాత తెలుగు పుస్తకాలు. హబ్సిగూడలో స్థిరపడిన విశ్వనాథం అనే కోస్తా పెద్దాయన జీవితమంతా కొనుక్కున్నవట. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు చోటు చాలక స్కూలుకిచ్చేశారు. ఎక్కువ భాగం నాటకాలు, పద్యకావ్యాలు. లైబ్రేరియన్‌గా ఉన్న అమ్మాయి వేరే ఉద్యోగం దొరికి మానేస్తే, ఆ తాళంచెవి తెచ్చి ప్రిన్సిపాల్ కమలకుమారి మేడం కౌసల్య చేతికిచ్చింది. చెదలు పట్టకుండా చూడమంది, అంతే.

ఒక వానాకాలం మధ్యాహ్నం తెలుగు టీచర్ రాలేదు. గోల చేస్తున్న ఆరో తరగతి పిల్లల్ని ఎవరో మేడ మీదికి తోలారు. వాళ్ళు బీరువాలు లాగుతుంటే ఊరుకోబెట్టడానికి కౌసల్య చేతికందిన పుస్తకం తీసింది. అదొక పాత నాటకం. అందులో రాణి, దాసి మాట్లాడుకునే మాటలు తేలిగ్గానే ఉన్నాయి. అవి చదివింది, దాసి మాట వచ్చినప్పుడు తమ వాడకట్టులో ఆడవాళ్ళు మాట్లాడినట్టు చదివింది. పిల్లలు నవ్వారు. తర్వాత కూర్చున్నారు. బెల్లయినా లేవలేదు.

అలా మొదలైంది. టీచరు రాని క్లాసు ఏదున్నా మేడ మీదికే వచ్చేది. ఇంగ్లీషు మీడియం పిల్లలు. తెలుగు వాళ్ళకు మార్కుల కోసం చదివే సబ్జెక్టు. అలాంటివాళ్ళు కౌసల్య చెబుతుంటే రాజులు, మంత్రులు, శాపాలు, వనవాసాల కథలను నోరు తెరుచుకుని వినేవారు. ఆమెకు చెప్పే నేర్పుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

కానీ ఆమెకు పద్యాలు అర్థమయ్యేవి కావు. నాటకంలో మాటలున్నంతవరకు బండి సాఫీగా సాగేది. పద్యం ఎదురయ్యిందా, రోడ్డు మీద గుంతను చూసి ఆటోవాడు పక్కకు తిప్పినట్టు తప్పించుకుపోయేది. ఒక్కో పదం లైను మొత్తం పొడుగుండేది. ఎక్కడ విరిచి చదవాలో తెలిసేది కాదు. ఇంటర్లో తెలుగు ఆమె గైడు చూసి గట్టెక్కిన సబ్జెక్టు. అందుకని పద్యంలో ఒకటో రెండో తెలిసిన మాటలు పట్టుకుని, మిగతాది ఊహించి, కథ అతికించేది. అతుకు ఎవరికీ కనబడేది కాదు. ఆ పుస్తకాలు తెరిచేవాళ్ళు స్కూల్లో ఇంకెవరున్నారని?

పిల్లలు ఇళ్ళలో చెప్పారు. తల్లిదండ్రులు వచ్చి ప్రిన్సిపాల్‌తో చెప్పారు. కమలకుమారి మేడంది తెనాలి వైపు. పద్యమంటే ప్రాణం పెట్టే ఇంట్లో పుట్టి, ఫీజులూ ఇన్‌స్పెక్షన్ల గొడవల్లో పడి అన్నీ వదిలేసిన మనిషి. ఆవిడ కళ్ళు మెరిశాయి. శనివారం చివరి పీరియడు 'పుస్తక పరిచయం' అని టైంటేబుల్లో రాయించింది. కౌసల్యను పిలిచి, ఇక నీలం చీర కట్టుకోనక్కర్లేదంది. పేరెంట్స్ మీటింగులో "మా లైబ్రేరియన్" అని పరిచయం చేసింది.

ఆ మాట విన్న రోజు కౌసల్య షేర్ ఆటోలో ఇంటికి వెళ్తూ పక్కనున్న తెలియని మనిషితో కూడా నవ్వుతూ మాట్లాడింది. పిల్లలు 'ఆయమ్మా' మానేసి 'మేడం' అనడం నేర్చుకున్నారు. అప్పుడప్పుడు కమలకుమారి మేడం లైబ్రరీ గుమ్మంలో నిలబడి ఫలానా పద్యం ఎంత బాగుంటుందో కదా అనేది. కౌసల్య అవును మేడం అని, బీరువా తలుపు తుడవడానికి అటు తిరిగేది. ఆవిడ వెళ్ళేదాకా తుడుస్తూనే ఉండేది. చెవులు వేడెక్కేవి. కాసేపటికి చల్లబడేవి.

ఎనిమిదో తరగతిలో సంతోషి అనే పిల్ల ఉండేది. తల్లి శాంతాబాయి బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది, తండ్రి లేడు. సంతోషి తల్లి షిఫ్టు అయ్యేదాకా లైబ్రరీలోనే కూర్చునేది. బక్కపల్చటి పిల్ల, గొంతు మాత్రం గది దాటి వినబడేది. కథ విని ఊరుకునే రకం కాదు. వాళ్ళెందుకట్లా చేశారు, ఇట్లా ఎందుకు చేయలేదు అని తవ్వేది. కౌసల్యకు ఆ పిల్లంటే ముద్దు. కొంచెం భయం కూడా.

ఒక శనివారం కౌసల్య చెప్పిన నాటకానికి అట్ట ఎప్పుడో ఊడిపోయింది, పేరు తెలియదు. పిల్లలు దాన్ని ఇద్దరు దోస్తుల నాటకం అన్నారు. ఒక రాజు, అతని చిన్ననాటి స్నేహితుడు. స్నేహితుడు ఆశకు లొంగి కోట రహస్యం శత్రువుకు చెబుతాడు. రాజు అన్నీ పోగొట్టుకుని అడవులు పట్టి, చివరికి రాజ్యం గెలుచుకుంటాడు. స్నేహితుణ్ణి పట్టి తెస్తారు. అక్కడిదాకా మాటలే కాబట్టి కౌసల్య బాగా చెప్పింది. చివరి అంకం మొత్తం పద్యాలే. అందులో ఒకచోట 'ఆలింగన' అన్న మాట ఆమె కంటబడింది. ఆ మాటకు అర్థం తెలుసు. ఇంకేం, రాజు మన్నించాడు, ఇద్దరూ కౌగిలించుకున్నారు, స్నేహితుణ్ణి మంత్రిగా చేసుకుని సుఖంగా ఉన్నారు అని ముగించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సంతోషి కొట్టలేదు. "మేడం, గంత మోసం జేసినోడు మళ్ళ రాజు పక్కపొంటి ఎట్ల కూసున్నడు? వానికి సిగ్గనిపియ్యలేదా?" అని అడిగింది.

దోస్తులంటే అట్లనే ఉంటారు బిడ్డా అని కౌసల్య నవ్వి పుస్తకం మూసేసింది.

ఆ ఆగస్టులో తెలుగు భాషా దినోత్సవానికి హబ్సిగూడలో ఒక సంఘం వాళ్ళు స్కూలు పిల్లలకు పోటీ పెట్టారు. పాత నాటకమో కావ్యమో ఒకటి చదివి, దాని కథ వేదిక మీద చెప్పాలి. కమలకుమారి మేడం సంతోషిని పంపుదామంది. సంతోషి ఇద్దరు దోస్తుల నాటకమే చెబుతానంది. కౌసల్య పుస్తకం ఇచ్చి ఒకసారి చదువుకోమంది. సంతోషి రెండ్రోజులు తిప్పలు పడి వెనక్కి తెచ్చింది. పద్యాలు అస్సలు సమజైతలేవు, మీరు చెప్పింది గుర్తుంది కదా, అదే చెప్తా అంది. చదివి తీరాలని కౌసల్య అనలేదు. అంటే, అయితే మీరే విడమరిచి చెప్పండి అంటుందేమోనని భయం.

పోటీ రోజు కౌసల్య మంచి చీర కట్టుకుంది. హాలు నిండా పిల్లలు, టీచర్లు, పక్క కాలనీల పెద్దమనుషులు. న్యాయనిర్ణేతల్లో రామ్మోహనరావు అనే రిటైరైన తెలుగు లెక్చరర్ మధ్యలో కూర్చున్నాడు. సంతోషి వేదికెక్కి చెప్పడం మొదలుపెట్టింది. స్నేహితుడు కోట తలుపు తెరిచే ఘట్టం చెప్పినప్పుడు ముందు వరుసలో ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. మూడో వరుసలో కూర్చున్న కౌసల్యకు ఛాతీ పొంగింది. తన మాటలే. తన విరుపులే.

చివరికి వచ్చేసరికి రాజు, స్నేహితుడు కౌగిలించుకున్నారు, స్నేహితుడు మంత్రయ్యాడు. చప్పట్లు మొదలవుతుండగా రామ్మోహనరావు మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"చాలా బాగా చెప్పావమ్మా. కానీ ఆ నాటకంలో చివర అలా జరగదు. నువ్వు పుస్తకం చదివావా, ఎవరైనా చెబితే విన్నావా?"

సంతోషి మూడో వరుసకేసి చూసింది. కౌసల్యతో కళ్ళు కలిశాయి.

కౌసల్య లేచి నిలబడాలనుకుంది. నిజంగానే అనుకుంది. ఆ తర్వాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది, అనుకున్నమాట నిజమని. కానీ ఒంటి మీది చీర, పక్కన కూర్చున్న వేరే స్కూలు టీచరమ్మ, ఇందాక ఆమెతో తాను అన్న "నేను లైబ్రేరియన్‌ని" అన్న మాట, అన్నీ కలిసి ఆమెను కుర్చీకి కట్టేశాయి. తల వంచి ఒళ్ళోని సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. సంచీలో వెతకడానికేమీ లేదు.

"నేను చదివిన సార్," అంది సంతోషి. "బుక్కుల గట్లనే ఉన్నది."

వెనక ఎవరో 'బుక్కుల' అన్న మాట పట్టుకుని కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కలకు పాకింది. రామ్మోహనరావు నవ్వలేదు. చదవకపోవడం తప్పు కాదు, చదవకుండానే చదివానని చెప్పడం తప్పు, అబద్ధం అలవాటు చేసుకోవద్దు అని మైకులోనే చెప్పాడు. నెమ్మదిగానే అన్నాడు గానీ హాలంతా వినబడింది. సంతోషి దండం పెట్టి వేదిక దిగింది.

షేర్ ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ పిల్ల నాచారం చౌరస్తాలో దిగాక అడిగింది.

"మేడం, మీరు ఆఖరుదాక చదివిన్రా, లేదా?"

"చదివిన బిడ్డా. ఆ సారు దగ్గరున్నది ఇంకేదో బుక్కు కావచ్చు."

సంతోషి తలూపి, బ్యాగు భుజానికేసుకుని వెళ్ళిపోయింది. రోడ్డు మీద నిలబడిపోయిన కౌసల్యకు తన గొంతే పరాయిదిగా అనిపించింది. మొదటిసారి నోరు మూసుకోవడానికి భయమని ఒక కారణముంది. ఇప్పుడు ఎవరూ లేరు, ఎవరూ వినడం లేదు. అయినా ఆ పిల్ల కళ్ళలోకి చూసి అబద్ధమాడింది.

ఆ సంగతి కమలకుమారి మేడం చెవిన పడకుండా ఎలా ఉంటుంది? సోమవారం ప్రార్థనలో పేరు పెట్టి చెప్పింది, పుస్తకం చదవకుండా వెళ్ళి స్కూలు పరువు తీసిన పిల్ల గురించి. సంతోషి లైన్లో నిలబడి ఎదుటి పిల్ల జడకేసి చూస్తూ ఉంది. కౌసల్య మెట్ల దగ్గర నిలబడి విన్నది. పిల్ల ఇప్పుడు చెప్పేస్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. సంతోషి చెప్పలేదు. చెప్పనందుకు కౌసల్యకు ముందు కలిగింది తేలిక. ఆ తేలిక కలిగినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

సంతోషి లైబ్రరీకి రావడం మానేసింది. తల్లి షిఫ్టు అయ్యేదాకా గేటు దగ్గర అరుగు మీద కూర్చునేది. మేడ మీది కిటికీలోంచి ఒకవైపు మౌలాలి గుట్ట, కిందికి చూస్తే ఆ పిల్ల నడినెత్తి కనిపించేవి. కౌసల్య ఆ కిటికీ తలుపు మూసేయడం మొదలుపెట్టింది. శనివారం పీరియడులో కథ మొదలుపెట్టి మధ్యలో ఆగేది. 'మేడం' అని పిల్లలు పిలిచినప్పుడల్లా ఎవరో వేలెత్తి చూపినట్టు ఉండేది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే బుచ్చిరాములు ఏందని అడిగాడు. ముందు ఏం లేదంది. ఒక ఆదివారం బట్టలు ఆరేస్తూ, అతని వైపు చూడకుండా మొత్తం చెప్పేసింది. అతను విని, చిన్న పోరి, నాల్గు దినాలైతే మర్సిపోతది, నువ్వు ఫికర్ జెయ్యకు అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ పిల్ల మరిచిపోయే రకం కాదని కౌసల్యకు తెలుసు. మరిచిపోతే బాగుండునని తానూ కోరుకుంటున్నానని కూడా అప్పుడే అర్థమైంది. అది ఇంకా సిగ్గుగా తోచింది.

దసరా సెలవుల్లో ఆమె ఆ పుస్తకం సంచీలో పెట్టుకుని హబ్సిగూడ వెళ్ళింది. రామ్మోహనరావు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. హాస్టళ్ళ మధ్య మిగిలిన పాత డాబా. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. గేటు దగ్గర నిలబడే మాట్లాడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"సార్, ఆగస్టుల కథ చెప్పిన పిల్ల... బుక్కుల గట్లనే ఉన్నదన్నది చూడుండ్రి. ఆ పిల్లకు గట్ల చెప్పింది నేను. నాకు పద్యాలు రావు. ఆ దినం నేను హాల్లనే ఉన్న. నేను లేస్తే అయిపోతుండె. లేవలే."

రామ్మోహనరావు పేపరు మడిచాడు. చాలాసేపు మడుస్తూనే ఉన్నాడు. "నేనూ ఆ పిల్లని పక్కకు పిలిచి అడగలేదు," అన్నాడు చివరికి. "మైకులో అడిగాను."  గేటు తీసి, కుర్చీ చూపించి, పుస్తకం ఇమ్మన్నాడు.

సెలవులన్నాళ్ళూ ఆమె వెళ్ళింది. ఆయన తేలికైన గురువు కాదు. ఆమె 'శ' పలికిన తీరుకు చిరాకుపడేవాడు, ఒత్తు వదిలేస్తే మళ్ళీ మొదటికి తెచ్చేవాడు. ఒకసారి "మీ వైపు నాలుకలు..." అని ఏదో అనబోయి ఆమె మొహం చూసి ఆగాడు. కౌసల్య తలవంచుకుని మళ్ళీ చదివింది. చివరి అంకానికి వచ్చినప్పుడు ఒక పొడుగాటి మాట దగ్గర ఆమె ఎప్పట్లాగే ఆగిపోయింది. ప్రత్యుత్తరశూన్యవనాంతరంబున. ఆయన పెన్సిలుతో గీతలు పెట్టాడు. ప్రత్యుత్తరం అంటే బదులు. శూన్యం, లేనిది. వనం నీకు తెలుసు. అంతరం, లోపల. ఇప్పుడు కలిపి చెప్పమన్నాడు.

"బదులు లేని అడివిల," అంది కౌసల్య.

అప్పుడు చివరి అంకం ఆమెకు విప్పినట్టు కనబడింది. రాజు మన్నించాడు, నిజమే. ఆలింగనం కోసం చేతులు చాచాడు. స్నేహితుడు ఆ చేతుల్లోకి రాలేదు. శిక్ష వేస్తే భరించేవాణ్ణి, మన్నిస్తే నీ మొహం చూడలేను అని చెప్పి అడవిలోకి వెళ్ళిపోయాడు. రాజు పేరు పెట్టి పిలుస్తాడు. పిలుస్తూనే ఉంటాడు. తెర పడుతుంది.

కౌసల్య ఆ పద్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. వానికి సిగ్గనిపియ్యలేదా అని సంతోషి అడిగింది. పుస్తకం తెరవకుండానే ఆ పిల్ల ఉన్న విషయం పట్టుకుంది. తాను నవ్వి మూసేసింది.

స్కూలు తెరిచిన రోజే ఆమె కమలకుమారి మేడం గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. మేడం మొహం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "ప్రార్థనలో నేనా పిల్లని అన్ని మాటలన్నాను కదే," అంది. కోపంలో మొదటిసారి 'కదే' అంది. కాసేపటికి తేరుకుని, సరే, అయిందేదో అయింది, సంతోషిని నేను పిలిచి మాట్లాడతాను, పిల్లలందరి ముందూ చెప్పాల్సిన పనిలేదు, చెబితే లైబ్రరీ పీరియడు మీదున్న గౌరవం పోతుంది అంది. క్లాసు ముందు చెప్తానంది కౌసల్య. చెబితే శనివారం పీరియడు నీకివ్వలేను, ఆలోచించుకో అంది మేడం. ఆవిడ బెదిరించలేదు. తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలో తెలియని మనిషి అన్న మాట అది.

మర్నాడు ఎనిమిదో తరగతిలో కౌసల్య నిలబడి చెప్పింది. ఎంతో ఆలోచించి పెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నాకు పద్యాలు రావు, నేను మీకు చెప్పిన ఆఖరు అబద్ధం, సంతోషి అబద్ధమాడలేదు, నన్ను నమ్మి చెప్పింది, పోటీల నేను నోరు మూసుకున్న అంది. ఒకబ్బాయి మరి మిగతా కథలు అని అడిగాడు. కొన్ని అవీ అంతే అంది. క్లాసులో గుసగుసలు లేచాయి. ఎవరో "ఆయమ్మా" అన్నారు, చాలా రోజుల తర్వాత. ఆమె తలెత్తి అన్నదెవరో చూడలేదు. ఆ పిలుపు తనదే.

తర్వాత అసలు ముగింపు చదివి చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే కథ కాదది.

బెల్లు కొట్టాక సంతోషి బల్ల దగ్గరే ఉండిపోయింది. కౌసల్య దగ్గరికి వెళ్ళి, నన్ను తిట్టన్న తిట్టు బిడ్డా, ఏమన్న అను అంది.

"నాకు తెల్సు మేడం," అంది సంతోషి పుస్తకాలు సర్దుకుంటూ. "ఆ దినమే తెల్సింది. మీరు సంచి దేవులాడంగనే."

"మరి పెద్దమేడం గంత అంటుంటె ఎందుకు జెప్పలే?"

"మీరే చెప్తరని జూసిన."

 కోపంగా అనలేదు. పక్కింటి వాళ్ళు వస్తామని రానప్పుడు చెప్పినట్టు చెప్పింది. కౌసల్య ఆ మాటను మోసుకుని మెట్లు దిగింది.

కమలకుమారి మేడం ప్రార్థనలో సంతోషి పేరు మళ్ళీ చెప్పి, పొరపాటు నాదని ఒప్పుకుంది. శనివారం పీరియడు ఒక తెలుగు టీచరుకిచ్చింది. ఆయన గైడులోంచి ప్రశ్నలు, జవాబులు రాయించేవాడు. కౌసల్య మళ్ళీ నీలం చీర కట్టుకుంది. తాళంచెవి మాత్రం ఆమె దగ్గరే ఉంచారు. ఎవరో ఒకరు తుడవాలి కదా. ఊడ్వడం అయ్యాక బీరువా తెరిచి, పెన్సిలు పట్టుకుని, ఒక పద్యం విరుచుకునేది. తెలియని మాటలు పోగైనప్పుడు హబ్సిగూడ వెళ్ళేది. రామ్మోహనరావు చూపు మందగించేదాకా అలా సాగింది. సంతోషి పదో తరగతి పాసై వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కూడా మేడ మీదికి రాలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బందులు, సమ్మెలు మొదలై స్కూళ్ళు వారాల తరబడి మూతపడేవి. చిలకానగర్ గల్లీలో పిల్లలు పొద్దంతా రోడ్ల మీదే. కౌసల్య తమ గుమ్మం ముందు చాప వేసి, ప్రిన్సిపాల్‌ను అడిగి తెచ్చిన పుస్తకాలు పెట్టింది. ఇప్పుడు కథ చెప్పేది కాదు. పుస్తకం పిల్లల చేతికే ఇచ్చి చదవమనేది. పద్యం వస్తే అందరూ కలిసి విరిచేవాళ్ళు. కొన్ని విరిగేవి, కొన్ని విరిగేవి కావు. నాకు తెల్వదు అనడం మొదట్లో ఆమెకు నోట్లో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. తర్వాత్తర్వాత అలవాటైంది. పిల్లలు తమకు వచ్చినట్టే పలికేవాళ్ళు, 'పుస్తకంల' అనేవాళ్ళు, ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. డ్యూటీ లేని రోజు బుచ్చిరాములు కూడా గడప మీద కూర్చుని వినేవాడు. గమ్మత్తుగుంది గిది అని ఒకసారి అన్నాడు.

రాష్ట్రం వచ్చిన జూన్ నెలలో ఒక సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆమె బస్సు కోసం నిలబడింది. మెట్రో స్తంభాల పనులతో సగం రోడ్డు రేకులు కట్టేసి ఉంది, బస్సులు ఎక్కడ ఆగుతాయో ఎవరికీ తెలియదు. జనంలోంచి ఒకమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. మెళ్ళో ఏదో కోచింగ్ సెంటర్ కార్డు. సంతోషి. కౌసల్య గుర్తుపట్టి, పలకరించాలా వద్దా అని సంచీ పిడి అటూ ఇటూ మార్చుకుంటుంటే, ఆ అమ్మాయే నవ్వింది.

"మంచిగున్నరా ఆంటీ?"

బాగానే ఉన్నానంది కౌసల్య. శాంతాబాయి బాగుందా అని అడిగింది. బాగుంది, పని మానేసింది, మోకాళ్ళు నొస్తున్నాయి అంది సంతోషి. తాను హబ్సిగూడలో పోటీ పరీక్షల పిల్లలకు క్లాసులు చెబుతున్నానంది. స్కూల్లో లైబ్రరీ ఇంకా ఉందా అని అడిగింది. ఉందంది కౌసల్య. చాప మీద కూర్చుని పద్యాలు విరిచే పిల్లల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళలో ఒక పిల్లకు నీలాగే పెద్ద గొంతుందని చెప్పాలనిపించింది. చెబితే, చూడు నేనెంత మారానో అని ఆ అమ్మాయి ముందు చెయ్యి చాచినట్టవుతుంది. ఆ అమ్మాయి మంచిది, ఏదో ఒక మంచిమాట వేస్తుంది కూడా.

కౌసల్య ఏమీ చెప్పలేదు. కీసర బస్సు వచ్చింది. ఇదే నాది ఆంటీ అని సంతోషి జనంతోపాటు పరిగెత్తి ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరకలేదేమో, మళ్ళీ కనిపించలేదు. కౌసల్య బస్సు వెళ్ళిన వైపు కాసేపు చూసి, తన బస్సు ఎక్కడ ఆగుతుందో పక్కనున్నాయనను అడిగింది.